పాత కారు కొంటున్నారా? ఫస్ట్ కాపీ లెక్క వేశారా?

తెల్లటి అంబాసిడర్ కారొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి పెద్దింటి ముందు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ముందు చెప్పు కనిపిస్తుంది... తరువాత పంచె అంచు... ఆ తరువాత హీరోగారి ముఖం! హాలంతా ఈలలు, కాగితం ముక్కలు! ఆ ఈలలు హీరోగారికే. కాని ఆట వదిలాక ఇంటికి పోయి పడుకున్న కొందరు కుర్రాళ్ల కలలోకి వచ్చేది మాత్రం హీరోగారు కాదు, హీరోయినూ కాదు... ఆ కారు!

మీరూ ఆ బాపతేనా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

రాయచోటి కుర్రాడొకణ్ణి మన కథకు హీరోగా అనుకుందాం. ఆ ఊరి నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ బతుకుతెరువు కోసం కువైట్ పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. మనవాడూ అలాగే పోయాడు. నాలుగేళ్లు ఎవరి కారో తోలాడు. ఏసీ కారే, కొత్త కారే, కాని తనది కాదు. ఎడారిలో ఆ కారు తోలుతున్నంతసేపూ చిన్నప్పుడు పెళ్లిలో ఎక్కిన అంబాసిడర్ వెనక సీటే మనసులో మెదిలేది. తిరిగొచ్చేసరికి చేతిలో నాలుగు లక్షలున్నాయి. ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలుంది. వీరభద్రస్వామికి దండం పెట్టుకొని, చెల్లెలి పెళ్లికని వేరుగా దాచింది ముట్టుకోనని అమ్మకు మాటిచ్చి, ఈ నాలుగు లక్షలతో కారు వేటలో పడ్డాడు.

ఇక్కడే కథలో మలుపు. "నీ దగ్గర ఎంతుంది?" అని అడిగాడు బ్రోకరు. "నాలుగు" అన్నాడు మనవాడు. అంతే! బ్రోకరు చూపించిన కారు ధర సరిగ్గా నాలుగు లక్షలే అయింది!

సినిమా పత్రిక చదివేవారు కనుక మీకు సినిమా భాషలోనే చెబుతాను. నిర్మాతగారు సినిమా మొదలుపెట్టేటప్పుడు ముహూర్తం ఖర్చు చూసుకొని సంబరపడిపోరు. "ఫస్ట్ కాపీ చేతికొచ్చేసరికి ఎంతవుతుంది?" అని అడుగుతారు. కథ, తారాగణం, సెట్లు, అవుట్‌డోరు, వాన పడి ఆగిపోయిన రోజులు, మళ్లీ తీసిన ప్యాచ్ వర్కు... అన్నీ కలిపిన లెక్కే ఫస్ట్ కాపీ లెక్క. పాత కారు విషయంలో అమ్మేవాడు చెప్పే ధర ముహూర్తం ఖర్చు మాత్రమే. ఇంకా సినిమా మొదలు కాలేదన్నమాట!

కారుచౌక అన్న మాట ఎవరన్నారో గాని...

మన తెలుగులో "కారుచౌక" అని ఓ మాటుంది. దేనికైనా వర్తిస్తుందేమో గాని, పాత కారుకు మాత్రం వర్తించదు! చౌకగా వచ్చిన పాత కారంత ఖరీదైన వస్తువు మరొకటి లేదు.

ఎందుకంటారా? లక్షకు దొరికిన కారుకు టింకరింగూ, పెయింటింగూ, ఇంజిను పనీ చేయించడానికి మూడు లక్షలయిందనుకోండి. మొత్తం నాలుగు. అదే మోడలు కారును ఎవరో అప్పటికే డబ్బు పోసి బాగు చేయించి రెండు, రెండున్నరకు అమ్మజూపుతూ ఉంటే? బాగు చేయించిన డబ్బంతా అమ్మేటప్పుడు తిరిగి రాదు. ఆ నష్టం మొదటి యజమాని భరించాడు. మీరు భరించనక్కరలేదు. అందుకే అనుభవజ్ఞులు చెప్పే మొదటి సూత్రం... మీ తాహతులో దొరికే కార్లలో అన్నిటికంటే మంచి స్థితిలో ఉన్నదాన్నే కొనండి. తుక్కును కొని తుమ్మెదలా తిరిగేలా చేద్దామనుకోకండి.

ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు, నాలుగు లక్షలూ కారుకే పోసి బ్రేకు పనికి డబ్బుల్లేవని కూర్చుంటే లాభమేమిటి?

ముందు పని, తరువాత బండి

1982లో నందమూరి తారక రామారావుగారు పార్టీ పెట్టి జనంలోకి వెళ్లినప్పటి చైతన్యరథం గుర్తుందా? మీరు పుట్టి ఉండకపోయినా, ఫొటోలైనా చూసే ఉంటారు. అది షోరూము నుంచి దిగిన కొత్త బండి కాదు. ఒక పాత షెవర్లే వ్యానును పనికి తగ్గట్టు మార్చి తీర్చిదిద్దారు. కుమారుడు హరికృష్ణగారు దాన్ని తోలారు. ఊళ్లు తిరగాలి, పైకెక్కి మాట్లాడాలి, లోపల విశ్రాంతి తీసుకోవాలి... పని ఏమిటో ముందే తెలుసు గనుక బండికి ఏ మార్పులు అవసరమో కూడా తెలిసింది.

మీరూ అదే ప్రశ్న వేసుకోండి. ఈ కారు నాకెందుకు? ఆదివారం పూట ఊళ్లో ఓ చక్కరు కొట్టడానికా? రోజూ పనికి పోవడానికా? పెళ్లిళ్లకూ, షూటింగులకూ అద్దెకివ్వడానికా? ర్యాలీల్లో నిలబెట్టడానికా? జవాబును బట్టే బడ్జెటు. అద్దెకిచ్చే ఆలోచన ఉంటే ఒక సంగతి... సొంత వాడకపు రిజిస్ట్రేషను మీద అద్దెకు తిప్పడం చట్టం ఒప్పుకోదు. ఆ ఆదాయాన్ని నమ్ముకొని అప్పు చేస్తే మొదటికే మోసం!

ఏ కారు? విడిభాగం ఎక్కడ?

అంబాసిడరును 1957 నుంచి హిందుస్తాన్ మోటార్స్ వారు తయారు చేశారు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే దీనికి తల్లి. కలకత్తా దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. అంతకాలం, అన్ని కార్లు తయారయ్యాయి గనుక సామాను ఇప్పటికీ దొరుకుతుంది, విప్పి బిగించడం తెలిసిన పాత మెకానిక్కులూ దొరుకుతారు. సీమ జిల్లాల్లో ఒకప్పుడు కలెక్టరుగారికీ అదే, టాక్సీవాలాకూ అదే, పెళ్లికొడుక్కీ అదే మరి!

తరువాతది ప్రీమియర్ పద్మిని. ఫియట్ 1100 కారే 1970లలో రాణి పద్మిని పేరు పెట్టుకొని మన ఆడపడుచయింది. బొంబాయి నలుపూ పసుపూ టాక్సీలుగా అవే తిరిగాయి. వాటిలో చివరిది 2023 అక్టోబరులో రోడ్డు మీది నుంచి తప్పుకుంది. దీని సామాను కోసం ముంబయిలో కుర్లా వైపు చూడాలి. మనకు దగ్గరలో చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారుంది.

ఇక మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు, పాత సినిమాల్లో జమీందారుగారి కొడుకు వేసుకొచ్చే పొడుగాటి అమెరికా కార్లూ... చూడ్డానికి కన్నుల పండువే! కాని ఒక అద్దం పగిలితే ఆరు నెలలు వెతకాలి. దొరికినా విదేశం నుంచి తెప్పించుకోవాలి, సుంకం కట్టాలి. మొదటిసారి కొనేవారు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

మారుతి 800నూ చిన్న చూపు చూడకండి. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలందుకున్న హర్‌పాల్ సింగ్ దాన్ని 2010లో కన్నుమూసే దాకా తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ కారును తరువాత కంపెనీవారే బాగు చేయించి తమ కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టుకున్నారు. మొదటి వరస 800లు ఇప్పుడు మోజు పడదగ్గవే. వాటి పోషణా తేలికే.

సీమ ఎండ... మంచీ చెడూ

రాయచోటి కుర్రాళ్లకు ఒక అదృష్టముంది. పాత కారుకు అసలు విలను తుప్పు. ఉప్పుగాలి తగిలే చెన్నై, విశాఖ కార్లలో ఫ్లోరు, తలుపుల అడుగు, డిక్కీ అడుగు తినేసి ఉంటుంది. కడప, కర్నూలు జిల్లాల పొడిగాలిలో పెరిగిన కారు బాడీ సాధారణంగా గట్టిగా ఉంటుంది. కనుక ఏపీ 04 నంబరుతో ఈ నేలమీదే తిరిగిన బండి కనిపిస్తే కాస్త ఎక్కువ ధరైనా ఆలోచించవచ్చు.

అయితే ఎండకూ తన వంతు ఉంది. రబ్బరు బీడింగులు, పైపులు, వైరింగు తొడుగులు, సీటు రెగ్జిను పెళుసెక్కి చిట్లుతాయి. రేడియేటరులో బోరునీళ్లు పోసి పోసి ఉంటారు. ఆ ఉప్పు లోపల పేరుకొని నీటి దారి మూసుకుపోతుంది. బాడీకి మిగిలిన డబ్బును రబ్బరుకూ, రేడియేటరుకూ కేటాయించాలన్నమాట. పైగా 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థితి వచ్చింది. పాత రబ్బరు పైపులూ, కార్బురేటరు వాషర్లూ దానికి తట్టుకోవు. అవన్నీ మార్చే ఖర్చు కూడా ఫస్ట్ కాపీలో రాసుకోండి.

స్క్రీన్ టెస్టు

కొత్త నటికి మేకప్పు లేకుండా ఓ స్టిల్ తీస్తారట. కారుకూ అంతే. కొత్త రంగు చూసి మురిసిపోకండి. గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకొని పొండి. రేకున్నచోట అతుక్కుంటుంది, లప్పం ఉన్నచోట జారిపోతుంది!

ఇంజిను చల్లగా ఉండగా స్టార్టు చేయమనండి. మీరు వెళ్లేసరికే వేడి చేసి పెట్టి ఉంటే అనుమానించండి. వెనక నీలి పొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం... బోరు పని దగ్గర్లోనే ఉంది. తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తున్నా, ఆయిలు మూత కింద మజ్జిగ నురుగు లాంటిది కనిపించినా, హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమో చూడాలి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఆర్‌సీ పుస్తకంలోని వాటితో సరిపోవాలి. అప్పు ఇచ్చిన ఫైనాన్సువారి పేరు అందులో ఇంకా ఉందేమో చూడాలి.

ముందు ఊళ్లో చదును రోడ్డు మీద బ్రేకులు సరిచూసుకొన్నాక ఆఖరి పరీక్ష... కడప నుంచి గువ్వలచెరువు ఘాటు ఎక్కించండి. పక్కన మెకానిక్కు తప్పకుండా ఉండాలి. పైకెక్కేసరికి ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడుందో చూడండి. మరుగుతుంటే రేడియేటరు సంగతి తేలిపోయినట్టే. గువ్వలచెరువులో ఆగి పాలకోవా తింటూ బండి కింద ఆయిలు చుక్కలు పడుతున్నాయేమో వంగి చూడండి. కోవా ఖర్చు కంటే లాభసాటి ఖర్చు మీ బడ్జెటులో మరొకటి ఉండదు!

మెకానిక్కుకు ఆ పూట కూలి ఇచ్చి తీసుకెళ్లండి. "ఊరికే వస్తాడులే" అనుకోవద్దు. షెడ్డులో జీవితం గడిపిన పెద్దమనిషి ఏమంటాడో తెలుసా? "కొనేది ఒక లెక్కనా అబ్బోడా? సాకేది లెక్క!" అంటాడు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటే.

కాగితాలకూ కాసులు కావాలి

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు తీరిపోతుంది. ఆ పైన అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కారుకు ఈ పొడిగింపు రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం 10,000 రూపాయలు చేసింది. దీనికి తోడు హరిత పన్ను, ఆలస్యమైతే జరిమానా. గడువు దాటిపోయి, షెడ్డులో పదేళ్లు పడుకున్న కారును "కాగితాలు తరువాత చూసుకుందాం" అని కొనకండి. వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఎన్‌ఓసీ ముందు చేతికి రావాలి. ఇక్కడ జీవితపన్ను కట్టాలి. ఈ రెండూ లెక్కలో వేసుకోకపోతే చౌకగా దొరికిన పొరుగురాష్ట్రం కారు ఇంటికొచ్చేసరికి మన కారు కంటే ఖరీదవుతుంది.

50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లకు 2021లో వింటేజి నిబంధనలు వచ్చాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో "వీఏ" అక్షరాలు. గొప్పగా ఉంటుంది గాని ఒక మెలిక ఉంది. ఆ కారును రోజువారీ వాడకూడదు. ప్రదర్శనకూ, ర్యాలీకీ, పెట్రోలుకూ, మరమ్మతుకూ మాత్రమే బయటికి తీయాలి. సంతకు పోవడానికి కుదరదు సుమండీ!

నాలుగు లక్షల ఫస్ట్ కాపీ

ఇప్పుడు మన హీరో దగ్గరికి వద్దాం. బ్రోకరు మాట పక్కన పెట్టి, ఓ నోటుపుస్తకం తీసి ఇలా రాసుకున్నాడనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలే. మీ ఊరి ధరలు మీరు కనుక్కోవాలి.

కారు కొనడానికి 1,60,000. పేరు మార్పు, రిజిస్ట్రేషను పొడిగింపు, ఇన్సూరెన్సు, ఇంటికి తెచ్చుకోవడం... 40,000. వెంటనే చేయాల్సిన పనులు, అంటే బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, వైరింగు, రబ్బరు పైపులు, రేడియేటరుకు 80,000. ఏడాది పోషణకూ పెట్రోలుకూ 40,000. పాత పెట్రోలు అంబాసిడరు లీటరుకు ఎనిమిది, పది కిలోమీటర్లిస్తే అదే పదివేలు మరి! మిగిలిన 80,000 ముట్టుకోకుండా బ్యాంకులో. మొత్తం 4,00,000.

చూశారా? నాలుగు లక్షలున్నవాడు కొనాల్సింది నాలుగు లక్షల కారు కాదు, లక్షా అరవై వేల కారు. అంటే చేతిలో ఉన్నదానిలో సగానికి లోపు. ఆ ధరలో మంచి అంబాసిడరు దొరకకపోతే? ఆగాలి. లేదా చిన్న కారు చూసుకోవాలి. అంతేగాని బ్యాంకులో పెట్టిన 80,000 మీద చేయి వేయకూడదు. గేరుబాక్సు ఒక్కసారి మొరాయించిందంటే ఆ ఎనభై వేలే దేవుడు!

ఆ డబ్బు లేనివాడు ఏం చేస్తాడు? నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెస్తాడు. నెలకు 3,000, ఏడాదికి 36,000 వడ్డీ. కారు షెడ్డులో కదలదు, వడ్డీ మాత్రం ఆదివారం కూడా పరుగెడుతుంది. చివరికి చెల్లెలి పెళ్లికని దాచిన డబ్బు మీద చూపు పడుతుంది. అమ్మకిచ్చిన మాట ఆ రోజు పోతుంది.

ఇది సినిమావాళ్లకు తెలియని బాధ కాదు. కార్లంటే ఎంతో ఇష్టపడిన మహానటి సావిత్రిగారు "మూగమనసులు" కథనే తమిళంలో "ప్రాప్తం"గా 1971లో స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి ఎంతగా నష్టపోయారో పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ప్రేమతో చేసే పనికి కూడా లెక్క కావాలి. ప్రేమతో చేసే పనికే ఎక్కువ కావాలి!

బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ 1958లో "అజాంత్రిక్" అనే చిత్రం తీశారు. వీలైతే చూడండి. బిమల్ అనే టాక్సీ డ్రైవరు, అతని డొక్కు కారు జగద్దల్. దాన్ని మనిషిలా చూసుకుంటాడు, మాట్లాడతాడు. ఉన్నదంతా ఊడ్చి కొత్త సామాను వేయిస్తాడు. అయినా కారు మొండికేస్తుంది. చివరికి తుక్కుకు అమ్మాల్సి వస్తుంది. చూసినవారి గొంతు పట్టుకుంటుంది. బిమల్ ప్రేమలో లోపం లేదు. కాని ఏ ఖర్చు దగ్గర ఆగాలో అతను ముందుగా అనుకోలేదు.

కనుక మీరు నోటుపుస్తకంలో ఆఖరి గీత కూడా ముందే గీసుకోండి. "ఈ అంకె దాటితే అమ్మేస్తాను" అని రాసి అమ్మకో, నాన్నకో చూపించండి. కారును చూడకముందే రాయాలి. చూశాక రాసే లెక్క ప్రేమలేఖ అవుతుంది గాని బడ్జెటు కాదు!

మన హీరో మరి కొనగలిగాడా అంటారా? అన్నీ సరిచూసుకొని, మూడు కార్లు వద్దని, ఆరు నెలలు ఓపిక పట్టాడనుకుందాం. నాలుగోది రంగు వెలిసిన కారు. చూపుకు బీద, బాడీకి గట్టి. ఘాటెక్కింది, మరగలేదు. రంగు ఈ ఏడాది వేయించలేదు, వచ్చే ఏడాది చూద్దామన్నాడు. చెల్లెలి పెళ్లికి ఆ వెలిసిన తెలుపు మీదే బంతిపూల దండ వేసి ముందుకు తెచ్చాడు. వెనక సీట్లో చెల్లెలు, బావగారు. ముందు సీట్లో అమ్మ. స్టీరింగు దగ్గర మనవాడు... ఈసారి తోలుతున్నది తన కారు!

శుభం.